వానపాముల తొట్టి ఎందుకు పెట్టామంటే



మందిరం వెనక, మా వంటింటి గోడ పక్కన ఉన్న నాపరాళ్ళ తొట్టి గురించి ఈ మధ్య నన్ను అడగనివాళ్ళు లేరు. చేపలు పెంచుతున్నారా అని ఒకరు అడిగారు. బాప్తిస్మానికైతే మరీ చిన్నది కదా అయ్యగారూ అని ఇంకొకరు నవ్వారు. హైదరాబాదు నుంచి సెలవులకు వచ్చిన ఒక యౌవనస్థుడు మాత్రం పైన కప్పిన గోనెపట్ట ఎత్తి చూసి, "ఇది వర్మీ కంపోస్టు కదండీ, మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూడా పెట్టుకోవచ్చా?" అన్నాడు. అతనికీ, ఫోన్లో అడిగిన మిగతావాళ్ళకీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ఎలా పెట్టాలో రాస్తాను. అంతకంటే ముందు ఎందుకు పెట్టామో చెప్పాలి. ఎరువు కోసం కాదు. ఎరువే కావాలంటే మన పల్నాట్లో గేదెలున్న ఏ ఇంటికి వెళ్ళినా ఒక తట్టెడు పేడ కాదనరు.

మన సంఘంలో పంచాయతీ చెత్తబండి తోలే ఒక తల్లి ఉంది. పేరు వద్దంది, సంగతి మాత్రం రాయమంది. ఆదివారం ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుంటుంది. మిగతా రోజుల్లో మనం లేవకముందే మూడు చక్రాల బండి తోసుకుంటూ వీధులు తిరుగుతుంది. ఇంటింటి ముందూ కట్టిపెట్టిన కవర్లు ఎత్తి బండిలో వేసుకుని, ఊరి చివర షెడ్డు దగ్గర వాటిని విప్పి వేరుచేస్తుంది.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం ఆమె ప్రభు బల్ల దగ్గరకు వచ్చింది. కుడిచేతికి మణికట్టు దాకా గుడ్డ కట్టి ఉంది. రొట్టె అందుకోవడానికి ఎడమచెయ్యి చాపబోయి మళ్ళీ వెనక్కి తీసుకుంది. బల్ల దగ్గర ఎడమచెయ్యి పెట్టడమా అని ఆమె సంకోచం. పక్కనున్న ఆమె వంక చూసింది, నా వంక చూసింది. నేనే రొట్టె ముక్క ఆమె నోటికి అందించాను.

ఆరాధన అయ్యాక అడిగాను, ఏమైందమ్మా చేతికి అని.

"బ్లేడండీ అయ్యగారూ. కవర్లో ఉంది."

పాచిపోయిన అన్నం, పప్పు, ఉల్లిపొట్టు, దాని మధ్యలో సగం బ్లేడు. ముడి విప్పి చెయ్యి పెట్టగానే బొటనవేలి మొదట్లో తెగింది. నాలుగు కుట్లు, ధనుర్వాతం ఇంజక్షను. వారం రోజులు పనికి వెళ్ళలేదు.

ఆ బ్లేడు వేసినవాళ్ళ గురించి నేను ఏదో అనబోయాను. ఆమె వాళ్ళ ఊసే ఎత్తలేదు. "బ్లేడ్లు పారెయ్యకుండా ఎట్టా ఉంటారండీ, గడ్డాలు గీసుకోరా? బ్లేడుతో పేచీ లేదు అయ్యగారూ. తడితోనే. తడి లేకపోతే బ్లేడు కనబడుద్ది."

ఈ మాట నాలో ఉండిపోయింది. తర్వాత రెండు మూడు సార్లు షెడ్డు దగ్గరకు వెళ్ళి ఆమె పని చూశాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కాగితాలు, అట్టలు, సీసాలు, పాల కవర్లు మాత్రమే ఉన్న సంచిని కింద గుమ్మరిస్తే ఏది ఏమిటో కళ్ళకు తెలుస్తుంది. కర్రతో కదిపి తీసుకోవచ్చు. అదే సంచిలో రాత్రి మిగిలిన చారన్నం పోశామనుకోండి, అన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. పగిలిన గాజు, సూది, బ్లేడు ఆ ముద్దలో దాక్కుంటాయి. ఇక చెయ్యి పెట్టి వెతకక తప్పదు. చేతి తొడుగులు ఇచ్చారు కదమ్మా అంటే, "ఇచ్చారండీ. అవి ఏసుకుంటే కవరు ముడి చేతికి దొరకదు. ఎండకి లోపల చెమటలు పట్టి వేళ్ళు నానిపోతై" అంది.

ఇంకో సంగతి కూడా అక్కడే తెలిసింది. పొడిగా, శుభ్రంగా ఉన్న అట్టలనూ ప్లాస్టిక్కునూ పాతసామాన్లవాళ్ళు కొంటారు. కూరగాయల కుళ్ళు అంటినదాన్ని కొనరు. మన రాష్ట్రంలో చాలా పంచాయతీల్లో చెత్త నుంచి సంపద తయారీ కేంద్రాలని షెడ్లు కట్టారు, వాటిలో వానపాముల తొట్లూ ఉన్నాయి. కలగాపులగం చేసిన చెత్త అక్కడికి చేరితే వానపాములకు పెట్టడానికీ పనికిరాదు, అమ్మడానికీ పనికిరాదు. ఒక్క గిన్నెడు తడి ఒక సంచెడు సరుకును పాడుచేస్తుంది. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త వేర్వేరుగా ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. నిబంధనలో ఉన్నది మన వంటింట్లోకి రావడానికి ఇంకా దారి కావాలి.

వెనకటి రోజుల్లో మన ఊళ్ళలో ఈ ఇబ్బంది లేదు. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ప్రతి ఇంటి ముందూ కుడితి గోలెం ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల చెక్కు, మిగిలిన అన్నం అన్నీ అందులోకే. సాయంత్రానికి గేదె తాగేసేది. ఊడ్చిన చెత్త, బూడిద, పేడ పెరట్లో పెంటకుప్పకు చేరేవి. తొలకరికి ముందు బండ్లకెత్తి పొలానికి తోలేవారు. చెత్త అనే మాటకు ఇప్పుడున్న అర్థం అప్పుడు లేదు. తర్వాత గేదెలు తగ్గాయి. పెంటకుప్ప ఉన్న చోట బాత్రూము కట్టుకున్నాం, అది మంచిదే. గోలెం పగిలితే మళ్ళీ కొనలేదు. గేదె తాగాల్సినదీ పెంటలో కలవాల్సినదీ పాల కవరుతో పాటు ఒకే సంచిలోకి వచ్చి చేరాయి. ఆ సంచి విప్పే పని ఎవరి చేతుల్లోకి వచ్చింది, ఎందుకు వాళ్ళ చేతుల్లోకే వచ్చింది, మన సంఘంలో చాలామందికి నేను విడమర్చి చెప్పనక్కరలేదు. కొన్ని కుటుంబాల్లో అది తాతల నుంచి ఉన్న పని.

అయిదు రొట్టెల సంగతి మనం ఎన్నిసార్లు ధ్యానించామో లెక్కలేదు. పన్నెండు గంపలు మిగిలాయన్న దగ్గర ఆశ్చర్యపడి స్తోత్రం చెప్పి ముందుకు వెళ్తాం. యోహాను సువార్తలో చూడండి. ఏదీ వ్యర్థం కాకుండా ముక్కలు పోగుచేయమని ప్రభువు చెప్పింది తన శిష్యులకు. అంతమంది తిని లేచిన పచ్చికలో వంగి వంగి ఎంగిలి ముక్కలు ఏరినవి అపొస్తలుల చేతులు. కూలికి మనిషిని పిలవలేదు. నాకు అక్కడ గంపల లెక్క కంటే ఆ వంగిన నడుములే ఎక్కువగా కనబడుతున్నాయి ఈ మధ్య.

సరే, తొట్టి సంగతికి వద్దాం.

మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి చవక కాబట్టి మేము నాలుగు బండలు నిలబెట్టి, సిమెంటుతో అతికించి కట్టాం. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. అడుగు బండ ఒక వైపుకు కొంచెం వాలుగా ఉండి, ఆ మూలన నీళ్ళు పోయే చిన్న గొట్టం ఉంది. అంత అవసరం లేదు. పాత ప్లాస్టిక్ టబ్బు, పగిలిన నీళ్ళ డ్రమ్ములో సగం, వెడల్పు మూతి మట్టికుండ, ఏదైనా చాలు. లోతు కంటే వెడల్పు ముఖ్యం, ఎందుకంటే ఈ జాతి వానపాములు పైపైన తిరుగుతాయి. అడుగున, పక్కల కాల్చిన ఇనుప చువ్వతో చిన్న చిల్లులు పెట్టుకోండి. నీళ్ళు నిలిస్తే వానపాములకు ఊపిరాడదు. వాటికి మనలా ఊపిరితిత్తులు లేవు, తడిగా ఉన్న చర్మంతోనే గాలి పీలుస్తాయి. చర్మం ఎండినా చావే, నీళ్ళలో మునిగి గాలి అందకపోయినా చావే.

అడుగున పెంకుముక్కలు లేదా కంకర ఒక వరస. దాని మీద కొబ్బరి పీచు. దాని మీద జానెడు ఎత్తున పరుపు వెయ్యాలి. ఎండుటాకులు, చింపిన న్యూసు పేపరు, నానబెట్టి పిండిన కొబ్బరి పొట్టు, బాగా మాగిన పేడ, ఇవన్నీ కలిపి. పేడ మాగినదే అయి ఉండాలి. పచ్చిపేడ పులిసేటప్పుడు పుట్టే వేడికి వానపాములు బతకవు. ఇదంతా తడిపి గుప్పిట్లోకి తీసుకుని పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు, అసలు చుక్క రాకపోతే చాలనట్టు. రెండు మూడు రోజులు అలా వదిలి, చెయ్యి పెడితే చల్లగా ఉందని తెలిశాక వానపాములను వదలండి. పైన తడి గోనెపట్ట కప్పండి. వాటికి కళ్ళు లేవు గానీ వెలుతురు తగిలితే తెలుస్తుంది, చీకటిలోకి పారిపోతాయి.

వానపాముల దగ్గర ఒక మాట. పొలంలో తవ్వితే దొరికే ఎర్రలను తెచ్చి తొట్టిలో వెయ్యకండి. లోతుగా బొరియలు చేసుకుని మట్టి తిని బతికే రకాలకు తొట్టి కుదరదు, పారిపోతాయి లేదా చచ్చిపోతాయి. కుళ్ళే ఆకు అలముల్లో పైపైన బతికే రకాలు వేరు. మన దగ్గర ఎరువు తయారుచేసే రైతుల దగ్గర ఎక్కువగా రెండు దొరుకుతాయి. ఒళ్ళంతా ఎర్రచారలున్న ఐసీనియా ఫెటిడా ఒకటి. ఇంకొంచెం పొడవుగా, ఊదారంగు మెరుపుతో ఉండే యూడ్రిలస్ యూజీనియే రెండోది, దీని పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. వేడి ఓర్చుకోవడంలో రెండోది మేలు. రెంటచింతల ఎండల సంగతి వేరే చెప్పాలా! మేము రెండోదే తెచ్చాం, అర కిలో. మీ జిల్లాలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే అక్కడ అడగండి.

అన్నీ కుదిరితే ఒక కిలో వానపాములు రోజుకు దాదాపు అర కిలో దాకా తింటాయి. మొదటి నెలలో దానిలో సగం కూడా పెట్టకండి. మా ఇంట్లో అమ్మగారు వారం రోజులు కాటాలో తూచి చూసింది. నలుగురం తినే ఇంట్లో రోజుకు ముప్పావు కిలో తడిచెత్త వస్తోంది. ఆదివారం ఎక్కువ. అంతా ఒక్కసారిగా తొట్టిలో పొయ్యకుండా, ఇవాళ ఈ మూల, రేపు ఆ మూల, పరుపులో చిన్న గుంట చేసి వేసి పైన ఎండుటాకు కప్పాలి. మొదటి మూలకు తిరిగి వచ్చేసరికి అక్కడ వేసింది గుర్తుపట్టలేనట్టు మారి ఉంటే, అవి తింటున్నాయని. అలాగే ఉంటే రెండు రోజులు ఆగండి. నిజానికి అవి నేరుగా తొక్కును కొరికి తినేది లేదు, పళ్ళే లేవు వాటికి. సూక్ష్మజీవులు దాన్ని మెత్తబరిస్తే, ఆ మెత్తనిదాన్ని, ఆ సూక్ష్మజీవులతో సహా మింగుతాయి. అందుకే వాటిని తొందరపెట్టలేం.

ఏమి పెట్టాలి? అరటి తొక్కలు, కాకరకాయ చెక్కు, గోంగూర కాడలు సన్నగా తుంచి, టీపొడి, పుచ్చకాయ డిప్పలు ముక్కలు చేసి, గుడ్డు పెంకులు ఎండబెట్టి పొడికొట్టి. బీరకాయ పొట్టు మాత్రం మా ఇంట్లో వాటికి దక్కదు, పచ్చడి అయిపోతుంది. ములక్కాయ పిప్పి చాలాకాలం అలాగే ఉంటుంది, పెట్టినా నష్టం లేదు.

పెట్టకూడనివి జాగ్రత్తగా చదవండి, మన తెలుగిళ్ళలో ఇవే ఎక్కువ. ఊరగాయలు, ఉప్పు చేపలు, ఉప్పు కారం నూనె పట్టించిన కూరలు వద్దు. ఉప్పు వాటి తడి చర్మానికి విషంతో సమానం. మాంసం, ఎముకలు, చేప పొట్టలు వద్దు. కంపు కొడతాయి, పందికొక్కులు వస్తాయి. చింతపండు పిప్పి, నిమ్మ చెక్కలు, పచ్చిమిర్చి, ఉల్లి, వెల్లుల్లి పొట్టు కొద్దిగా పడితే పరవాలేదు, గుట్టగా మాత్రం వద్దు. పులుపు ఎక్కువైందనిపిస్తే గుడ్డు పెంకుల పొడి చల్లండి. పిడుగురాళ్ళ పక్కనే ఉంది కదా అని సున్నం చల్లేరు, ఆ ఘాటుకు తొట్టి మొత్తం పోతుంది. మిగిలిన వట్టి అన్నం చారెడు పెట్టొచ్చు. గిన్నెడు పెడితే పులిసి వాసన వస్తుంది. మరి మిగిలిన కూరన్నం ఎక్కడ పొయ్యాలి అంటారా? మా వీధిలో రెండు కుక్కలున్నాయి. మీ వీధిలోనూ ఉండే ఉంటాయి. ఇంకా మిగులుతుంటే ఎసట్లో బియ్యం తగ్గించడమే.

వాసన గురించే అందరి భయం. బాగున్న తొట్టి వాసన రాదు, తొలకరి చినుకు పడ్డ మట్టిలా ఉంటుంది. వాసన వస్తోందంటే తిండి ఎక్కువైంది లేదా తడి ఎక్కువైంది. తిండి ఆపి, ఎండుటాకులూ కాగితం ముక్కలూ కలిపి, చేత్తో పైపైన కదిపితే నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. చీమలు పడితే తొట్టి పొడిబారిందని అర్థం. టబ్బు అయితే నాలుగు ఇటుకల మీద నిలబెట్టి, ఆ ఇటుకలను నీళ్ళ పళ్ళేల్లో ఉంచండి. కోళ్ళున్న ఇల్లయితే గోనెపట్ట మీద ఇనుప జాలీ తప్పదు. మన సంఘంలో ఒక తల్లి ఇంట్లో కోళ్ళు ఒక్క మధ్యాహ్నంలో తొట్టంతా కెలికి విందు చేసుకున్నాయి. ఆమె ఏమీ అనుకోలేదు, గుడ్లు పెద్దవి వచ్చాయని చెప్పింది.

ఎండాకాలం మనవైపు పెద్ద పరీక్ష. తొట్టిలో వేడి ముప్పై అయిదు డిగ్రీలు దాటితే వానపాములకు గండమే. వేపచెట్టు నీడ, లేదా ఉత్తరం గోడ పక్కన పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో గోనెపట్టను రోజుకు రెండు మూడు సార్లు తడపాలి. ప్లాస్టిక్ టబ్బు కంటే మట్టికుండ, నాపరాయి చల్లగా ఉంటాయి. బాల్కనీలో పెట్టాలనుకునే మన హైదరాబాదు, బెంగళూరు పిల్లలు పడమటి ఎండ పడే వైపు వద్దు. వాషింగ్ మిషన్ పక్కన కూడా వద్దు, ఆ అదురు వాటికి పడదు.

అదురు అంటే గుర్తొచ్చింది. చార్లెస్ డార్విన్ పేరు వింటే మనలో కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ తగువు ఇవాళ వద్దు. ఆయన చివరి పుస్తకం వానపాముల మీదే, 1881లో వచ్చింది, మరుసటి ఏడాది ఆయన చనిపోయారు. వానపాములు వింటాయా అని ఇంట్లో పరీక్షలు చేశారు. కుండీల్లో పెట్టి ఈల వేశారు, కొడుకు బసూన్ అనే వాయిద్యం ఊదాడు, పక్కన పియానో వాయించారు. కదలలేదు. కుండీని పియానో మీదే పెట్టి మెట్టు నొక్కితే మాత్రం అదురుకు ఒక్కసారిగా బొరియల్లోకి దూరిపోయాయి. ముసలితనంలో, అంత పేరున్న మనిషి, పెరటి వానపాముల దగ్గర కూర్చుని ఇంత ఓపిగ్గా చూడడం నాకు నచ్చింది. మా తొట్టిని మొదట మందిరం పక్క గోడకు ఆనించి కట్టాలనుకున్నాం. శుక్రవారం రాత్రి మన యౌవనస్థుల డ్రమ్స్ సంగతి తలుచుకుని వంటింటి వైపుకు మార్చాం.

రెండున్నర, మూడు నెలలకు అడుగున నల్లగా, టీపొడిలా గుల్లగా ఎరువు తయారవుతుంది. నాలుగైదు రోజులు నీళ్ళు చల్లడం ఆపి, ఒక పట్టా మీద చిన్న చిన్న కుప్పలుగా పోసి వెలుతురులో ఉంచండి. మండుటెండలో కాదు, వెలుతురులో. వానపాములు వెలుతురుకు భయపడి కుప్ప అడుక్కి దిగుతాయి. పైనుంచి ఎరువు తీసుకుంటూ పోతే చివరికి అడుగున ముద్దగా వానపాములు మిగులుతాయి. వాటిని కొత్త పరుపులోకి వెయ్యండి. ఎరువులో గోధుమగింజ కంటే చిన్నగా, నిమ్మకాయ ఆకారంలో పసుపు గోధుమ రంగు గుళ్ళు కనిపిస్తే పారెయ్యకండి, అవి గుడ్లు. అనుకూలంగా ఉంటే రెండు మూడు నెలల్లో వాటి సంఖ్య రెట్టింపవుతుంది. చోటు, తిండి చాలనప్పుడు అవే గుడ్లు పెట్టడం తగ్గించుకుంటాయి.

బైబిల్లో పురుగుకు మంచి పేరు తక్కువ. యోనాకు నీడనిచ్చిన చెట్టును ఒక పురుగు ఒక్క రాత్రిలో పాడుచేసింది. కీర్తనకారుడు తనను తాను తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు పురుగుతో పోల్చుకున్నాడు. యెషయా గ్రంథంలో మాత్రం దేవుడు యాకోబును పురుగని పిలిచి, ఆ వెంటనే భయపడవద్దంటాడు. మనుషులు ఆ మాటను ఒకరినొకరు తొక్కడానికి వాడతారు. దేవుడు అదే మాటతో పిలిచి చెయ్యి అందించాడు. మొదటిసారి గోనెపట్ట ఎత్తినప్పుడు మా ఇంట్లో పిల్లలు "ఛీ" అన్నారు. ఇప్పుడు బడి నుంచి రాగానే ఎవరు తిండి పెట్టాలని తగువు పడుతున్నారు. మన చెత్తను మనమే చేత్తో ముట్టుకుంటే ఆ "ఛీ" ఎక్కువ రోజులు నిలవదని నేను చూశాను.

ఇంటి సంగతి అయింది, మందిరం సంగతి మిగిలింది. ప్రేమవిందు జరిగిన రాత్రి మన ఆవరణలో ఎన్ని ప్లాస్టిక్ పూత పళ్ళేలు, ఎన్ని గ్లాసులు పోగవుతాయో మీకు తెలుసు. పోయిన క్రిస్మస్‌కు సంఘ పెద్దలతో మాట్లాడి రెండు మార్పులు చేశాం. అరిటాకులు, విస్తళ్ళు తెప్పించాం. తిన్న తర్వాత మాంసం ముక్కలకు ఒక బకెట్టు, ఆకులకు ఒక గంప, గ్లాసులకు ఒక సంచి పెట్టి, ప్రతి ఒక్కరూ తన ఆకు తానే ఎత్తి వెయ్యాలన్నాం. ఒక పెద్దమనిషి నొచ్చుకున్నారు, విందుకు పిలిచి ఎంగిలాకు ఎత్తించడమేంటని. ఆయన మాటలోనూ న్యాయం ఉంది, మన మర్యాద అది. గంపలు పట్టుకుని నేనూ, అమ్మగారూ, ఇద్దరు పెద్దలూ నిలబడ్డాం. ఆ పెద్దమనిషి ఆకు నేను ఎత్తాను. రెండో పంక్తికి ఆయనే వచ్చి గంప పట్టుకున్నారు.

ఇప్పటికి మన సంఘంలో పదకొండు ఇళ్ళలో తొట్లు నడుస్తున్నాయి. గేదె ఉన్న ఇళ్ళకు తొట్టి అవసరమే లేదు, కుడితి గోలెం మళ్ళీ పెట్టుకుంటే చాలు, నాలుగిళ్ళవాళ్ళు పెట్టుకున్నారు. పెరడు లేనివాళ్ళు, నడుము వంగనివాళ్ళు తడిచెత్త వేరే డబ్బాలో పెడితే మా పిల్లలు వచ్చి తీసుకుపోతారు.

ఇది పాస్టరు రాయాల్సిన మాటేనా అని కొందరు అనుకోవచ్చు, అయినా రాస్తున్నాను. పిల్లల డైపర్లు, ఆడవాళ్ళ ప్యాడ్లు న్యూసు పేపర్లో చుట్టి, మీద గుర్తు పెట్టి విడిగా ఇవ్వండి. బ్లేడ్లు, సూదులు, పగిలిన గాజు ఒక పాత డబ్బాలో వేసి, నిండాక మూత బిగించి, ఆమె చేతికి చెప్పి ఇవ్వండి. ఆమె చేత్తో తియ్యాల్సినవాటిని నేను మాటల్లో చెప్పడానికి సిగ్గుపడితే ఎలా?

ఆమె చెయ్యి మానింది. బొటనవేలు మునుపటిలా పూర్తిగా వంగడం లేదు. ఊళ్ళో మిగతా వీధుల సంచులు ఇప్పటికీ అలాగే వస్తున్నాయి, అవి ఆమె ఇప్పటికీ చేత్తోనే విప్పుతోంది. మొన్న మా తొట్టిలో తీసిన ఎరువు ఒక బస్తా ఆమెకు ఇవ్వబోయాను, మల్లెచెట్టుకు వేసుకోమని. సగం చాలంది. మిగతా సగం మూడో వరసలో తన పక్కన కూర్చునే ఆమెకు ఇమ్మంది, ఆమె కొత్తగా వంగ మొక్కలు వేసిందట. ఇస్తూ ఇస్తూ అడిగాను, మన వీధి సంచి ఇప్పుడు ఎలా ఉందమ్మా అని. "గుమ్మరిస్తన్నానండీ, కర్రతో" అంది.

మా తొట్టిలో వానపాములు ఇప్పుడు కావలసినదానికంటే ఎక్కువ ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఒక వెడల్పు డబ్బా, అందులో గుప్పెడు తడి కొబ్బరి పొట్టు వేసుకుని రండి. గట్టిగా మూత బిగించే డబ్బా వద్దు, ఇంటికి చేరేలోపు గాలి చాలక చస్తాయి. దూరం వెళ్ళేవాళ్ళు గుడ్డ కట్టుకుని, ఎండ దిగాక బయల్దేరండి.